ఇరవైయా, అరవైయా?

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. వంటింట్లో మిక్సీ తిరుగుతుండగా హాల్లోంచి ఎవరినైనా "ఇరవై మందిని అరెస్టు చేశారు" అని ఒకసారి, "అరవై మందిని అరెస్టు చేశారు" అని ఇంకోసారి చదవమనండి. మీకేం వినపడిందో కాగితం మీద రాసుకోండి. రెండు మాటలకూ తేడా మొదటి అచ్చు ఒక్కటే. మిక్సీ హోరు దాన్ని మింగేస్తే మిగిలేది "రవై". వేల కిలోమీటర్ల అవతలి నుంచి వినిపించే షార్ట్‌వేవ్ రేడియోలో వచ్చే గొంతు తీరు కూడా ఇంతే. ఒక క్షణం చెవిలో చెప్పినట్టుంటుంది, మరుక్షణం నూతిలోంచి వచ్చినట్టుంటుంది.

ఇంటర్నెట్ ఆపేసిన చోటికి షార్ట్‌వేవ్‌లో స్వతంత్ర వార్తలు పంపాలనే మాట వచ్చినప్పుడల్లా చర్చంతా ట్రాన్స్‌మిటర్ చుట్టూనే తిరుగుతుంది. ఎన్ని కిలోవాట్లు, ఏ దేశం నుంచి, డబ్బెవరిస్తారు? నా లెక్కలో అది తేలికైన సగం. ట్రాన్స్‌మిటర్ గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది. అద్దెకు దొరకనివి రెండున్నాయి. హోరులో కూడా తప్పు అర్థం రాకుండా రాసిన తెలుగు వార్త ఒకటి. బెంగళూరు అపార్ట్‌మెంటులో దాన్ని వినగలిగే మూల రెండోది. ఈ రెండూ నెట్ ఆగిన రోజు తయారు చేసుకునేవి కావు.

నెట్ ఆపాలంటే ఒక ఉత్తర్వు చాలు, నాలుగు టెలికాం కంపెనీలు పాటిస్తాయి. దానికోసం మన దేశంలో 2017లో నిబంధనలు కూడా రాసుకున్నారు. కశ్మీరులో 2019 ఆగస్టులో ఆగిన నెట్ 2020 జనవరి చివర్లో 2జీగా, అదీ కొన్ని సైట్లకే, తిరిగొచ్చింది. 4జీ రావడానికి 2021 ఫిబ్రవరి 5 దాకా పట్టింది. మధ్యలో 2020 జనవరి 10న కశ్మీర్ టైమ్స్ సంపాదకురాలు అనూరాధా భసీన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు, నిరవధికంగా ఆపడం చెల్లదనీ ఉత్తర్వులు ప్రచురించాలనీ చెప్పింది. ఇదేదో హిమాలయాల అవతలి సంగతి అనుకునేవాళ్ళకు కోనసీమను గుర్తు చేయాలి. 2022 మే 24న అమలాపురం అల్లర్ల తర్వాత అక్కడ నెట్ ఆగితే, ఇంటినుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాపులు పట్టుకుని సిగ్నలున్న చోటు వెతుక్కుంటూ తిరిగారు. బెంగళూరు మారతహళ్ళిలో, కె.ఆర్. పురంలో ఉండే మన తెలుగువాళ్ళలో ఆ జిల్లాలో అమ్మానాన్నలున్నవాళ్ళు తక్కువేం కాదు.

షార్ట్‌వేవ్ ఆ కంపెనీల గుండా రాదు. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య తరంగం పైకి వెళ్ళి, వందల కిలోమీటర్ల ఎత్తున అయనోస్ఫియర్ అనే విద్యుదావేశపు పొరలో వంగి, వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. ఇలా దూరానికి పంపింది దగ్గర్లో మాత్రం దిగదు, మధ్యలో వినపడని పట్టీ ఒకటి మిగిలిపోతుంది. బెంగళూరు పక్కన దొడ్డబళ్ళాపురంలో ఆకాశవాణి 500 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు పెట్టింది దూరదేశాల కోసం, పక్క తాలూకా కోసం కాదు. మనకు వార్త చెప్పాలంటే ట్రాన్స్‌మిటర్ దూరంగా ఉండాలి. ఇతర దేశాల ప్రసారాలకు అద్దెకిచ్చే కేంద్రం ఉన్న తాష్కెంటు ఇక్కడికి సుమారు 3200 కిలోమీటర్లు, అంటే తరంగానికి ఒక్క గెంతు. నెట్ ఆపిన అధికారికి ఆ స్విచ్ అందదు. ఈ పద్ధతికున్న స్వతంత్రమంతా ఆ దూరంలోనే ఉంది.

ఎఫ్ఎం చాలదా అని అడుగుతారు. ప్రైవేటు ఎఫ్ఎం సొంత వార్తలు చదవడానికి లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా తిరిగి వినిపించొచ్చంతే. కమ్యూనిటీ రేడియోదీ అదే పరిస్థితి. ఆకాశవాణిని తీసిపారేయమని నేననను. ఏ పరీక్ష వాయిదా పడింది, ఏ రైలు రద్దయింది అన్న విషయాల్లో అది నమ్మదగినదే. నెట్ ఎందుకు ఆపారన్న ప్రశ్నకు మాత్రం ఆపినవాళ్ళ సొంత రేడియో దగ్గర జవాబు వెతకడం పిచ్చితనం.

బీబీసీ ఈ పని చాలాసార్లు చేసింది. 2019 ఆగస్టులో కశ్మీరు కోసం ఉర్దూలో రోజుకు 15 నిమిషాల బులెటిన్ మొదలుపెట్టి, హిందీ సాయంత్రం ప్రసారాన్ని అరగంట పెంచింది. 2022 మార్చిలో ఉక్రెయిన్‌కు రోజుకు నాలుగు గంటలు ఇంగ్లీషు వార్తలిచ్చింది. అక్కడి కాలమానంలో సాయంత్రం 4 నుంచి 6 దాకా 15735 కిలోహెర్ట్జ్ మీద, రాత్రి 10 నుంచి 12 దాకా 5875 మీద. ఆ రెండు అంకెల్లోనే షార్ట్‌వేవ్ పాఠం సగముంది, మళ్ళీ చెబుతాను. 2023 మేలో సూడాన్‌కు అరబిక్‌లో రోజుకు రెండు అరగంటలు ఇచ్చింది.

అదే బీబీసీ హిందీ షార్ట్‌వేవ్‌ను 2020 జనవరి 31న మూసేసింది. కశ్మీరుకు సమయం పెంచి ఆరు నెలలు తిరగలేదు, అక్కడింకా 2జీయే నడుస్తోంది. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా ఒక్క ఉత్తర్వుతో మూగబోయింది. దూరంగా ఉన్న స్విచ్ కూడా ఎవరో ఒకరి చేతిలోదే. ఇక తెలుగు సంగతి. బీబీసీ తెలుగు 2017 అక్టోబరు 2న నెట్ కోసం, టీవీ కోసం పుట్టింది. షార్ట్‌వేవ్‌లో తెలుగు మాట వినపడితే అది చాలావరకు మతప్రచారం. సువార్త చెప్పేవాళ్ళు అద్దె కట్టి తెలుగులో మాట్లాడగలుగుతున్నారంటే వార్త చెప్పేవాళ్ళకు అడ్డం డబ్బొక్కటే కాదని నా అనుమానం. 100 కిలోవాట్ల ప్రసారానికి గంటకు కరెంటు తేలిగ్గా 150 యూనిట్లు ఖర్చవుతుంది. ఖర్చే, కానీ మన పత్రికలు, చానళ్ళు మోయలేనంత కాదు.

ఇప్పుడు బెంగళూరు గదిలోకి వద్దాం. షార్ట్‌వేవ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు మొదటి వారంలోనే రేడియో మూలన పడేయడానికి కారణం ఇక్కడుంది. స్టేషన్లు రాకపోవడం కాదు, గోల ఎక్కువవడం. ఎల్ఈడీ బల్బు లోపలి డ్రైవరు, ఫోన్ చార్జరు, వైఫై రౌటరు అడాప్టరు, ఇంటి యూపీఎస్, లిఫ్టు మోటారు డ్రైవు, కింద పార్కింగులో ఈవీ చార్జరు. వీటిలో ప్రతిదీ కరెంటును సెకనుకు వేలసార్లు తుంచి తుంచి ఇచ్చే యంత్రమే. ఆ తుంపుల శబ్దం మెగాహెర్ట్జ్‌ల దాకా పాకి, డయలంతా ఒకే "జ్ర్‌ర్" వినిపిస్తుంది.

ముందు గోల ఎక్కడిదో తేల్చుకోండి. రేడియోను బ్యాటరీ మీద పెట్టండి, అడాప్టరు తగిలించి షార్ట్‌వేవ్ వింటే దాని గోలే వింటారు. 9400, 9900 కిలోహెర్ట్జ్‌ల మధ్య స్టేషను లేని చోట ఆపి, ఫ్లాటు మెయిన్ ఎంసీబీ దించేయండి. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపండి. గోల తగ్గితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ, తర్వాత ఒక్కొక్క ప్లగ్గే పెడుతూ పోతే దొరుకుతాడు. తగ్గకపోతే దొంగ పక్కింట్లోనో లిఫ్టు గదిలోనో ఉన్నట్టు. అప్పుడు రేడియో పట్టుకుని గది గదికీ, చివరికి టెర్రస్ మీదికీ నడవండి. ఇనుము, కాంక్రీటు సిగ్నల్‌ను ఆపి గోలను లోపలే పోగేస్తాయి కాబట్టి కిటికీ, బాల్కనీ, మేడ అనే వరుసలో మెరుగవుతుంది. ఊరంతా కరెంటు పోయిన రాత్రి షార్ట్‌వేవ్ అద్భుతంగా వినపడుతుంది, ఇక్కడి కరెంటు సంస్థ బెస్కాం పుణ్యమా అని ఆ అనుభవం ఎవరికైనా సులభంగానే దొరుకుతుంది. నెట్‌తోపాటు కరెంటు కూడా పోయే కష్టకాలంలో రేడియోకి కలిసొచ్చేది ఇదొక్కటి.

రేడియో ఏది కొనాలి? ముల్లు తిరిగే పాత మూడు బ్యాండ్ల పెట్టె పనిచేస్తుంది కానీ, షార్ట్‌వేవ్‌లో స్టేషన్లు 5 కిలోహెర్ట్జ్ ఎడంలో ఉంటాయి. ముల్లుతో 15735ను వెతకడం ఆవగింజంత సందులో సూది పట్టుకోవడం లాంటిది. అంకెలు కొట్టి పట్టుకునే డిజిటల్ రేడియోయే కావాలి. టెక్సన్ పీఎల్-330లో బీఎల్-5సీ అనే పాత నోకియా ఫోన్ల బ్యాటరీ ఉంటుంది, పీఎల్-380 మూడు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది. అభిరుచితో రేడియో నడిపే హామ్‌ల మాటలు వినడానికి కావలసిన సైడ్‌బ్యాండ్ సౌకర్యం రెండోదానిలో లేదు, అయినా నా ఓటు దానికే. వార్తల ప్రసారాలు మామూలు ఏఎంలో వస్తాయి, పెన్సిల్ సెల్ ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. దాచి ఉంచేటప్పుడు సెల్స్ బయటికి తీయండి, కారిపోయిన సెల్ రేడియోను తినేస్తుంది. వేరే చోట ఉన్న రేడియోను నెట్ ద్వారా వినిపించే వెబ్ రిసీవర్లు మామూలు రోజుల్లో బాగా పనికొస్తాయి. ఇక్కడ మనం మాట్లాడుతున్నది మామూలు రోజు గురించి కాదు.

యాంటెన్నా సంగతి. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ కొట్లలో 7 నుంచి 10 మీటర్ల సన్నటి ఇన్సులేషన్ వైరు, ఒక క్రొకొడైల్ క్లిప్పు కొనండి. క్లిప్పును రేడియో రాడ్డుకు తగిలించి వైరును బాల్కనీ బయటికి, గోడకు ఒక మూరెడు ఎడంగా కట్టండి. ఎలక్ట్రికల్ పైపుల పక్కన కడితే గోలను పిలిచి కూర్చోబెట్టినట్టే. పొడుగు పెంచితే మంచిదనుకుని 30 మీటర్లు లాగకండి. చిన్న రేడియో ఉక్కిరిబిక్కిరై ఒకే స్టేషను నాలుగుచోట్ల వినిపిస్తుంది. అలాంటప్పుడు లోకల్ (దగ్గర), డీఎక్స్ (దూరం) అనే స్విచ్ ఉంటే దాన్ని లోకల్ వైపు పెట్టండి. ఏప్రిల్, మేలలో సాయంత్రం ఉరుములు మొదలైతే వైరు విప్పి లోపలికి తెచ్చేయాలి, ఇందులో బేరాల్లేవు.

వైరు బయటికి వేసే వీల్లేని పీజీ గదికి లూప్, అంటే వలయపు యాంటెన్నా, మేలు. మూడు మీటర్ల కేబుల్ టీవీ వైరును ఒక మీటరు వ్యాసం గల వలయంగా చుట్టి, పై అల్లికను తీగగా వాడుకుని, రెండు కొసలను పాత రేడియోలో స్టేషన్లు మార్చే గుబ్బ వెనకుండే గ్యాంగ్ కండెన్సరులోని ఒక సెక్షనుకు కలపండి. 365 పికోఫారడ్ల గ్యాంగ్ అయితే సుమారు 5 నుంచి 13 మెగాహెర్ట్జ్ దాకా ట్యూన్ అవుతుంది. మనకు కావలసిన రాత్రి బ్యాండ్లన్నీ అందులోనే ఉన్నాయి. లోపలి అంచున 20 సెంటీమీటర్ల చిన్న వలయం పెట్టి దాని కొసలను రేడియో యాంటెన్నా సాకెట్టుకు ఇవ్వండి. గ్యాంగ్ తిప్పుతుంటే ఒకచోట హోరు ఒక్కసారిగా ఉబ్బుతుంది, అక్కడ ఆపాలి. స్టేషను మార్చిన ప్రతిసారీ మళ్ళీ తిప్పుకోవాలి, అదొక విసుగు. దానికి బదులుగా దక్కేది చాలా విలువైనది. లూప్‌ను నిలువు ఇరుసు మీద తిప్పితే పక్కింటి గోల దాదాపు మాయమయ్యే దిక్కు ఒకటి దొరుకుతుంది. ఆకాశం నుంచి వాలుగా దిగే స్టేషను మాత్రం అంతగా తగ్గదు.

ఉక్రెయిన్ అంకెలకు మళ్ళీ వద్దాం. సాయంత్రం 15735, అర్ధరాత్రి ముందు 5875. పగలు అయనోస్ఫియర్ అడుగున ఉండే డి పొర తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది కాబట్టి పైకి వెళ్ళాలి. రాత్రి ఆ పొర కరిగిపోతుంది, పైపొర కూడా బలహీనపడి ఎక్కువ ఫ్రీక్వెన్సీలు వంగకుండా అంతరిక్షంలోకి పోతాయి కాబట్టి కిందికి దిగాలి. బెంగళూరులో మోటు లెక్క ఇది: మధ్యాహ్నం 15, 17 మెగాహెర్ట్జ్‌లు, రాత్రి ఏడు నుంచి పది దాకా 9, 11, ఆపైన తెల్లవారేదాకా 6, 7. మన అక్షాంశానికి ఇంకో బెడద ఉంది. అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి మార్చి, సెప్టెంబరుల చుట్టూ సూర్యాస్తమయం తర్వాత పైపొర నురగలా విరిగి, గొంతు వణుకుతూ వస్తుంది. తిరుపతి దగ్గర గాదంకిలోని రాడార్ పరిశీలించే విషయాల్లో ఇదీ ఒకటి. యూరప్‌లో పనిచేసిన ప్రసార సమయాన్ని తెచ్చి మనకు సాయంత్రం ఏడున్నరకు పెట్టేవాళ్ళు దీన్ని మరిచిపోతారు. తొమ్మిది మేలు.

షెడ్యూళ్ళన్నీ యూటీసీ అనే అంతర్జాతీయ సమయంలో ఉంటాయి, దానికి ఐదున్నర గంటలు కలపాలి. 1530 అని ఉంటే మనకు రాత్రి 9. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో ఫ్రీక్వెన్సీలు మారతాయి. ఏడాదికి రెండుసార్లు ఒక కాగితం ప్రింటు తీసి రేడియో వెనక అంటించండి. పోయిన సీజను కాగితం చదవడానికి బాగుంటుందంతే.

ఇక రాత గురించి. ఇక్కడే నాకు ఎక్కువ కోపం. టీవీ తెలుగును షార్ట్‌వేవ్‌లో చదివితే సగం నేల పాలవుతుంది. ఏఎం షార్ట్‌వేవ్‌లో సుమారు 4500 హెర్ట్జ్ పైన శబ్దం మిగలదు. స, శ, ష ఒకటైపోతాయి. వెనక సంగీతం పెడితే సిగ్నల్ కుంగినప్పుడు మాట పోయి సంగీతం మిగులుతుంది, కాబట్టి సంగీతం వద్దు. అంకెలు మరీ ప్రమాదం: ఇరవై, అరవై. నూరు, మూడు, ఆరు. పదిహేను, పదిహేడు. చదివేవాళ్ళు ప్రతి అంకెనూ రెండు రకాలుగా చెప్పాలి: "ఇరవై మంది, రెండు సున్నా, ఇరవై మంది." స్టూడియోలో ఇది బడిపిల్లల ఎక్కాల్లా వినిపిస్తుంది, హోరులో ఇదే ప్రాణం కాపాడుతుంది.

అంకెల కంటే మోసకారి మన కాదనే పద్ధతి. తెలుగులో లేదు, కాదు అనే అర్థం క్రియ చివరో మధ్యలోనో ఒక్క అక్షరంలో నక్కి ఉంటుంది. "వెళ్ళండి", "వెళ్ళకండి" మధ్య ఉన్నది ఒక్క "క". సిగ్నల్ ఆ పావు సెకను మునిగితే వద్దన్నది వెళ్ళమన్నట్టవుతుంది. "వంతెన తెరవలేదు" అని రాయకండి, "వంతెన మూసి ఉంది" అని రాయండి. "ఆసుపత్రికి వెళ్ళకండి" బదులు "ఇంట్లోనే ఉండండి. ఆసుపత్రి మూత" అనండి. వాక్యానికి ఆరేడు మాటలు మించకూడదు, వాక్యం వాక్యానికీ ఒక సెకను విరామం ఉండాలి. ఊరి పేరుకు మండలం పేరు తోడు చెప్పాలి. ముఖ్యాంశాలు మొదటి మూడు నిమిషాల్లో ఒకసారి, పదిహేనో నిమిషంలో ఒకసారి, చివర్లో ఒకసారి. సిగ్నల్ అరగంటంతా ఒకలా ఉండదు, ఏదో ఒక మూడు నిమిషాలు చక్కగా వస్తుంది. ఆ మూడు నిమిషాల్లో సారం దొరకాలి.

గొంతు అసలు అర్థం కానప్పుడు కూడా పనిచేసే దారి ఒకటుంది: అక్షరాలను శబ్దాలుగా మార్చి అదే ఏఎం ప్రసారంలో పంపడం. వాయిస్ ఆఫ్ అమెరికా 2013 నుంచి 2017 దాకా రేడియోగ్రామ్ పేరుతో దీన్ని నడిపింది. ఆ తర్వాత దాన్ని తయారుచేసిన కిమ్ ఆండ్రూ ఎలియట్ షార్ట్‌వేవ్ రేడియోగ్రామ్‌గా కొనసాగించారు. వాడేది ఎంఎఫ్‌ఎస్‌కే32 అనే పద్ధతి: పదహారు స్వరాలు ఈల వేసినట్టు మారుతుంటాయి. ల్యాప్‌టాపులో ఫ్ల్‌డిజి ప్రోగ్రామునో ఫోన్లో టివార్ యాప్‌నో తెరిచి రేడియో స్పీకరు పక్కన పెడితే తెర మీద అక్షరాలు పడతాయి. యాప్‌ను ముందే ఎక్కించుకోవాలి, ఆ రోజు ప్లేస్టోరు ఉండదు. ఫోన్లో రికార్డు చేసి తర్వాత చదివించుకోవచ్చు కానీ వేవ్ ఫైలుగా రికార్డు చేయాలి. మామూలు వాయిస్ రికార్డరు గోల తగ్గించే తెలివితేటలతో ఆ ఈలలనే గోల అనుకుని చెరిపేస్తుంది.

తెలుగుకు ఇందులో పెద్ద జరిమానా ఉంది. ఈ పద్ధతి కోడ్ పట్టిక ఇంగ్లీషు అక్షరాల కోసం కట్టింది, సెకనుకు పది అక్షరాలు పోతాయి. తెలుగు లిపిలో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు, ఆ బైట్లకు పట్టికలో పొడుగు కోడ్లు. "ప్రభుత్వం" అన్న మాటలో హల్లులు, పొల్లులు, గుణింతం, సున్నా కలిపి తొమ్మిది గుర్తులు, 27 బైట్లు, నాలుగు సెకన్ల పైమాటే. అదే మాటను వాట్సాప్‌లో టైపు చేసినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో పంపితే పది అక్షరాలు, ఒక్క సెకను. పైగా మూడు బైట్లలో ఒకటి చెడితే తెలుగు అక్షరం మొత్తం పోతుంది, ఇంగ్లీషు అక్షరం ఒకటి చెడితే మాట ఊహకందుతుంది. లిపి మీద నాకూ అభిమానముంది. అయినా నెట్ ఆగిన రాత్రి వచ్చే ఐదు నిమిషాల ఈలల్లో మూడు వందల మాటలు కావాలా, డెబ్భై మాటలు కావాలా అంటే నేను ఇంగ్లీషు అక్షరాల తెలుగుకే ఓటేస్తాను.

జామింగ్ చేస్తే, అంటే అదే ఫ్రీక్వెన్సీ మీద గోల పంపి ప్రసారాన్ని ముంచేస్తే? చేస్తారు, చైనా ఏళ్ళ తరబడి విదేశీ ప్రసారాల మీద డప్పుల సంగీతం గుమ్మరించింది. ఊళ్ళోనే పెట్టిన జామరు ఆ ఊరిని కప్పుతుంది, యాభై కిలోమీటర్ల అవతల దాని బలం తగ్గుతుంది. ఒకే వార్తను రెండు మూడు బ్యాండ్లలో ఒకేసారి పంపడం, లూప్ తిప్పి జామరు దిక్కును చంపడం, కొన్నిసార్లు 5 కిలోహెర్ట్జ్ పక్కకు జరగడం, ఉన్న ఉపాయాలివే. నెట్ ఆపడంలా ఇది ఒక కాగితంతో అయ్యే పని కాదు, ప్రతి ఫ్రీక్వెన్సీకీ కరెంటు బిల్లు కట్టాలి.

విన్న వార్తను మనమే చిన్న ట్రాన్స్‌మిటరుతో పక్క వీధికి పంపుదాం అనే కుర్రాళ్ళు ప్రతిచోటా ఉంటారు. లైసెన్సు లేకుండా ప్రసారం నేరం. హామ్ లైసెన్సు ఉన్నా అది వార్తాప్రసారానికి ఇచ్చింది కాదు. వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి విన్నది కాగితం మీదికి ఎక్కాలి. పీజీ నోటీసు బోర్డు, సొసైటీ గేటు, టీకొట్టు ఉన్నాయి. ఆ కాగితం పుకారు కాకుండా ఉండాలంటే పై వరుసలో తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, స్టేషను పేరు, ఎంత బాగా వినపడిందో ఐదుకు ఎన్ని మార్కులో ఉండాలి. ఇద్దరు విడివిడిగా వింటూ రాసి, తర్వాత కలిపి చూసుకోవాలి. వినపడని చోట గీత గీసి వదిలేయాలి, సందర్భాన్ని బట్టి ఊహించి నింపకూడదు. ఇరవైయో అరవైయో తేలకపోతే రెండూ రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, మళ్ళీ ప్రసారం ఎన్ని గంటలకో కింద వేయాలి.